తాళం తప్పిన నక్షత్రం

నెమలిగుట్ట మీది గామా విస్ఫోట పరిశీలనా కేంద్రానికి పట్టిన తాళం పిచ్చికి మూలం వకుళే. ఈ మాట ఆమె కూడా కాదనదు. కాకపోతే ఆమె చేసిన నేరమల్లా, అడిగిన ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పడం. సర్కారీ సంస్థల్లో ఆ పని చేస్తే ఏమవుతుందో అప్పటికి ఆమెకు తెలియదు. ఉద్యోగంలో కొత్త, ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు.

కథలోకి వెళ్ళేముందు ఆ కేంద్రం చేసే పనేమిటో చెప్పుకోవాలి. ఊహకందని దూరంలో ఏ మహానక్షత్రమో కుప్పకూలినప్పుడు ఒక్కసారిగా గామా కిరణాలు ఎగజిమ్ముతాయి. ఆ ఆర్భాటమంతా కాసేపే. తర్వాత ఆ చోట ఒక మసక వెలుగు మాత్రం మిగులుతుంది, అది కూడా గంటగంటకీ చల్లారిపోతుంది. ఒకసారి పేలిన నక్షత్రం మళ్ళీ పేలదు. ఉపగ్రహం మీది పరికరం ఆ పేలుడును పట్టి గ్రాఫు పంపగానే, ఆకాశంలో అది ఏ మూల వచ్చిందో లెక్కగట్టి ప్రపంచంలోని పెద్ద దుర్భిణులన్నిటికీ వెంటనే కబురు పెట్టాలి. అదీ నెమలిగుట్ట వారి పని. కబురు అందితే ఎక్కడో సముద్రాల అవతల ఒక పెద్ద అద్దం అటు తిరిగి ఆ మసక వెలుగును పట్టుకుంటుంది. ఆలస్యమైతే చూడటానికి ఏమీ మిగలదు.

కబురు పంపే బటన్ నొక్కిన ప్రతిసారీ వకుళ ఆ పెద్ద అద్దం అటు తిరగడాన్ని ఊహించుకునేది. ఆ పని అంటే ఆమెకు ప్రాణం.

ఇలా ఉండగా ఒకరోజు ఖగోళ సమన్వయ మండలి అధ్యక్షులు వేదాద్రి గారు తనిఖీకి వేంచేశారు. ఆయన చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు. నేర్పిన గురువు మధ్యలో ఊరు మారిపోయాడు. ఆ కొరత మాత్రం ఆయనలో అలాగే ఉండిపోయింది. గోడమీది గ్రాఫులో ముళ్ళలా లేచిన గీతల్ని చూసి ఆయన ఆగారు.

"ఏమమ్మా, ఇవన్నీ ఒక పద్ధతిలో ఉన్నట్టున్నాయే?"

"ఉన్నట్టు కనిపిస్తోందండీ," అంది వకుళ. "కానీ ఏ గ్రాఫునైనా చాలాసేపు చూస్తే ఏదో ఒక లయ కనిపిస్తుంది. మబ్బుల్లో ఏనుగు కనిపించినట్టే. ఇందులో నిజంగా లయ ఉందని చెప్పడానికి ఆధారం చాలదండీ."

ఇంత మాటలో అధ్యక్షుల వారి చెవిన పడింది 'లయ' ఒక్కటే. ఆయన కళ్ళు మూసుకుని, టీ పళ్ళెం మీద దెబ్బ వేసి, చిటికెన వేలితో లెక్క మొదలుపెట్టారు. పక్కనే ఉన్న డైరెక్టర్ సాంబశివం గారి చెయ్యి కూడా దానంతట అదే తొడమీద ఆడటం మొదలుపెట్టింది. పై అధికారి చేసేది తానూ చేయడం ఆయనకు చిన్ననాటి నుంచీ అలవాటు.

"ఆది తాళం!" అన్నారు వేదాద్రి గారు కళ్ళు తెరిచి. "సాంబశివం గారూ, విశ్వం ఆది తాళంలో నడుస్తోందండీ!"

"ఆహా, సాక్షాత్తూ ఆది తాళమే సార్," అన్నారు సాంబశివం గారు. అప్పటిదాకా ఆయనకు తాళమంటే భజనలో వాయించే చిడతలు మాత్రమే తెలుసు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పరిపాలనాధికారి ఓబుళపతి దాన్ని అందరినీ కూర్చోబెట్టి గంభీరంగా చదివాడు.

"విశ్వము తాళబద్ధముగా నడచుచున్నదని నెమలిగుట్ట కేంద్రమున నిరూపితమైనందున, ఇకమీదట నమోదగు ప్రతి విస్ఫోటము యొక్క తాళమును 'లయ నిర్ధారణ సంఘము' విధిగా ధ్రువీకరించవలెను. ధ్రువీకరణ లేనిదే కేంద్రమునకు చెందిన ఏ విస్ఫోటమును గూర్చియు బయటివారికి సమాచారమీయరాదు. ఆది, రూపకము, మిశ్రచాపు తాళములు మాత్రమే ఆమోదయోగ్యములు. తాళమునకు లొంగని విస్ఫోటములను పనికిరాని సామానుగా పరిగణించి కండెమ్ చేయవలెను. సంఘము ఒక విస్ఫోటమును తేల్చువరకు మరొకదానిని చేపట్టరాదు. అట్టి సమయమున వచ్చు విస్ఫోటములను డ్యూటీలోనున్న శాస్త్రవేత్త పాత పద్ధతిలోనే చూచుకొనవలెను."

వకుళకు ఒళ్ళు మండింది. "ఇదేం ఉత్తర్వు సార్? వీళ్ళు తాళం వేసేలోపు అక్కడ వెలుగు ఆరిపోతుంది కదా!"

ఓబుళపతి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఊరుకోమ్మా. పైనోళ్ళకు పిచ్చి పట్టినప్పుడు మనం ఎదురు మాట్లాడితే లాభమేముంది? ఈ ఉత్తర్వు ముసాయిదా రాసేటప్పుడు ఆ కడాపటి వాక్యం నేనే ఇరికించినా. ఏ ఉత్తర్వులోనైనా మనకు ఒక సందు ఉండల్ల. ఎప్పుడో ఒకనాడు అక్కరకొస్తాది."

వకుళ ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. ఆమె ఉద్యోగం ఖాయం చేసే ఫైలు వేదాద్రి గారి బల్లమీదే ఉందన్న సంగతి ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

సంఘంలో అయిదుగురు సభ్యులు. అధ్యక్షుల వారు, డైరెక్టరు గారు కాక మరో ముగ్గురు. ఒకరు రిటైరైన ట్రెజరీ అధికారి, ఒకరు పళ్ళ డాక్టరు, ఇంకొకరు ఎవరో, ఎందుకు వచ్చారో ఆఖరుదాకా ఎవరికీ తెలియలేదు. ఆయన తాళం మాత్రం బాగా వేసేవారు. పద్ధతి సులువు. గ్రాఫును తెరమీద వేస్తారు. డైరెక్టరు గారు ఒక పొడుగాటి కర్ర పుచ్చుకుని ఎడమ నుంచి కుడికి గీత వెంబడి నడుస్తారు. మొదటి ముల్లు దగ్గర అధ్యక్షుల వారు దెబ్బ వేస్తారు. చివరి ముల్లు దగ్గరికి వచ్చేసరికి సభ్యుల చేతులన్నీ ఒకేసారి తొడమీద పడితే లయ ఉన్నట్టు. గ్రాఫును చూసేది ఎవరు? అందరి కళ్ళూ అధ్యక్షుల వారి చేతిమీదే. డైరెక్టరు గారైతే ఆ చేతిని బట్టే కర్రను ఆపేవారు, నడిపేవారు. అలాంటప్పుడు చేతులు కలవక ఏమవుతాయి?

వచ్చిన ప్రతి విస్ఫోటానికీ లయ దొరికింది. ధ్రువపత్రాలు జరీ అంచులతో అచ్చయ్యాయి. గుట్ట కింద 'తాళబద్ధ విశ్వానికి స్వాగతం' అని కమాను లేచింది. కబుర్లు మాత్రం తీరిగ్గా, ఆ మసక వెలుగులు ఆరిన తర్వాత వెళ్ళాయి. "మీరు చెప్పిన చోట ఏమీ లేదు," అని పరదేశాల నుంచి జవాబులు వచ్చేవి. వకుళ వాటిని ఒక్కొక్కటే చదివి దాచుకునేది. ఆమెకు ఏడుపొచ్చేది. ఆ వెలుగు ఎన్ని కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిందో, ఇక్కడ అయిదుగురు తొడలు చరుచుకునేంతలో పోయింది.

ఒకనాడు ఆమె ఉండబట్టలేక క్యాంటీనుకు వెళ్ళింది. నారెమ్మ సాంబారులోకి తాలింపు పెడుతోంది. నూనెలో ఆవాలు చిటపటలాడే శబ్దాన్ని వకుళ ఫోనులో రికార్డు చేసి, గ్రాఫుగా మార్చి, పేరేమీ పెట్టకుండా సంఘం ముందు ఉంచింది.

సంఘం అయిదు చేతులూ ఆడించింది. అధ్యక్షుల వారి ముఖం వెలిగిపోయింది. "రూపకం! ఎంత సంప్రదాయబద్ధంగా ఉందో చూశారా! ఇది ఏ నక్షత్రానిదమ్మా?"

"నక్షత్రానిది కాదండీ, ఆవాలది. పొద్దున క్యాంటీన్లో సాంబారు తాలింపు."

పళ్ళ డాక్టరు గారు తొడమీది చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. ఇంక ఈ పిచ్చి వదిలినట్టేనని వకుళ లోలోపల సంబరపడింది. వేదాద్రి గారు మెల్లగా లేచి నిలబడ్డారు.

"ఆవాల్లో కూడానా!" అన్నారు. ఆయన రెండు చేతులూ జోడించారు. "సాంబశివం గారూ, నక్షత్రం నుంచి ఆవగింజ దాకా ఒకటే లయ! మనం కనిపెట్టింది మనకే పూర్తిగా తెలియదండీ!"

ఆ సాయంత్రమే క్యాంటీను సంఘం పరిధిలోకి వచ్చింది. మర్నాటి నుంచి తాలింపు పెట్టాలంటే ఒక సభ్యుడు పక్కన నిలబడి తాళం వేయాలి. నారెమ్మ మూడో రోజుకే గరిటె కింద పడేసింది. "ఆ సారు పక్కన నిలబడి తొడ కొడతాంటే నాకు చేతులు ఆడవమ్మా. ఎండుమిరపకాయలు ఎప్పుడెయ్యల్లో మర్చిపోతాండా. ఎవురు నేర్పించినారమ్మా ఈయనకు ఈ చదువు?" అని వకుళనే నిలదీసింది. తానేనని చెప్పే ధైర్యం వకుళకు లేదు. ఆ వారమంతా కేంద్రం సాంబారు తాలింపు లేకుండానే తాగింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఒక మిట్టమధ్యాహ్నం పరికరం గ్రాఫు పంపింది. వకుళ మామూలుగా చూసి, ఆగి, మళ్ళీ చూసింది. ముళ్ళు వరసగా ఉన్నాయి. ఈసారి మబ్బులో ఏనుగు కాదు. ఒక ముల్లుకూ తర్వాతి ముల్లుకూ మధ్య దూరం కొంచెం కొంచెంగా, ఒకే లెక్క ప్రకారం పెరుగుతూ పోతోంది. కంటిని నమ్మడం ఆమె ఎప్పుడో మానేసింది. తనకు తెలిసిన పరీక్షలన్నీ పెట్టింది. ఊరికే గీతలు అలా కుదిరే అవకాశం ఉందేమోనని, తన మాట తానే అబద్ధం చేయాలని ఎంత చూసినా కుదరలేదు. లయ నిజంగానే ఉంది.

అది చచ్చిన నక్షత్రం కడుపున అప్పుడే పుట్టిన మరో నక్షత్రం. బొంగరంలా తిరుగుతూ, తిరిగిన ప్రతి చుట్టుకూ కొంత అలిసిపోతూ, నెమ్మదిస్తోంది. అంత దూరాన ఒక నక్షత్రం అలిసిపోవడాన్ని వకుళ తన బల్ల దగ్గర కూర్చుని చూస్తోంది. వెంటనే బటన్ మీద వేలు పెట్టింది, ఉత్తర్వు గుర్తొచ్చి తీసేసింది. పరుగున సంఘం గదికి వెళ్ళింది.

సంఘం భోజనానికి లేచింది. భోజనం తర్వాత తాంబూలం. తాంబూలం తర్వాత అత్యవసర సమావేశం.

డైరెక్టరు గారు కర్ర పట్టుకున్నారు. ఈసారి వకుళ బతిమాలిన మీదట, గీత ఎంత వేగంగా నడిస్తే కర్రనూ అంత వేగంగానే నడిపారు. అధ్యక్షుల వారు ఆది తాళం ఎత్తుకున్నారు. మొదటి రెండు దెబ్బలు ముల్లుమీద పడ్డాయి. మూడోది కొంచెం ముందు పడింది. నాలుగోది ఇంకా ముందు. చివరికి వచ్చేసరికి చేతులన్నీ కిందికి దిగాయి, ముల్లు మాత్రం ఇంకా రాలేదు. రూపకంలో చూశారు. మిశ్రచాపులో చూశారు. ఎందులోనూ నిలవలేదు.

"తాళం తప్పింది!" అన్నారు వేదాద్రి గారు. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "ఎత్తుగడ బాగానే ఉంది. తర్వాత జారిపోయింది. సాధన లేదు."

"తప్పలేదండీ," అంది వకుళ ఆయాసపడుతూ. "అది నెమ్మదిస్తోంది. నెమ్మదించడంలోనే దాని లయ ఉంది. ఇన్నాళ్ళూ మనం లేని లయలు చూశాం. ఇది ఒక్కటీ నిజమైందండీ! కబురు పంపనివ్వండి, సాయంత్రానికల్లా వెలుగు పోతుంది."

"దీనికి సంజాయిషీ నోటీసు ఇవ్వాలి సార్," అన్నారు ట్రెజరీ అధికారి.

"ఎవరికండీ? ఆ నక్షత్రం ఇప్పుడు లేదు. కోట్ల ఏళ్ళ కిందటే పోయింది."

"పోయినంత మాత్రాన బాధ్యత పోతుందా అమ్మా? వారసులెవరైనా ఉంటారు."

వేదాద్రి గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. గొంతులో బోలెడు దయ నింపుకుని వకుళ వైపు తిరిగారు. "చూడమ్మా, చిన్నదానివి. ఆ ముళ్ళను కొంచెం అటూ ఇటూ జరిపి, సమంగా సర్ది, కింద సంతకం పెట్టు. ఆది తాళమని ధ్రువీకరిస్తాను, కబురూ పంపుకో. నీ ఫైలు నా బల్లమీదే ఉంది. అది కూడా ఈ రోజే సర్దేస్తాను."

వకుళ తెరవైపు చూసింది. జరపాల్సింది నాలుగు గీతలే. జరిపితే ఉద్యోగం నిలుస్తుంది, కబురూ వెళుతుంది. కానీ వెళ్ళే కబురులో ఆ నక్షత్రం అలిసిపోయిన సంగతి ఉండదు. అది తప్ప ఇంకేం చెప్పాలి?

"పెట్టలేనండీ," అంది.

"అయితే కండెమ్!" అన్నారు అధ్యక్షుల వారు. డైరెక్టరు గారు గ్రాఫు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీశారు.

మూలన కూర్చున్న ఓబుళపతి సన్నగా దగ్గాడు. "సార్, నిబంధన ఒకటి గుర్తు చేస్తా. కండెమ్ చేసిన సామాను ఇంక మన కేంద్రానిది కాదు. మొన్న విరిగిన కుర్చీలు వాచ్‌మన్ తీసుకపోలేదా, అట్లనే ఇది కూడా ఎవురికి కావల్లంటే వాళ్ళు తీసుకపోవచ్చు. ఇక్కడ పెట్టుకుంటే జాగా దండగ."

"తీసుకుపోనివ్వండి. ఎవరికి కావాలి ఆ తుక్కు?"

"నాకు కావాలండీ," అంది వకుళ.

అందరూ నవ్వారు. అధ్యక్షుల వారు కూడా నవ్వి, "తీసుకో తల్లీ, ఇంట్లో గోడకు తగిలించుకో," అన్నారు. వకుళ ఆ కాగితాన్ని ఒడిసి పట్టుకుని మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. కేంద్రానికి చెందిన విస్ఫోటాల గురించి బయట చెప్పకూడదు. ఇది ఇప్పుడు తనది. సొంత ఫోను తీసి, సొంత పేరుతో, ఆకాశంలో ఆ చోటును, నెమ్మదించే ఆ లయను ఉన్నదున్నట్టు రాసి ప్రపంచమంతటికీ పంపింది.

ఇక్కడ పొద్దు వాలేలోపు, అప్పటికి రాత్రిగా ఉన్న దేశాల్లోని పెద్ద దుర్భిణులన్నీ అటు తిరిగాయి. వెలుగు దొరికింది. అదీ ఆమె రాసిన లెక్కకు తగ్గట్టే నెమ్మదిగా ఆరింది. ఇలాంటిది ఇంతకుముందు ఎవరూ ఇంత స్పష్టంగా చూడలేదని నలుమూలల నుంచీ ప్రశంసలు వచ్చాయి. పత్రికలవాళ్ళు గుట్టెక్కారు. వాళ్ళకు ఎదురెళ్ళి దండలు వేయించుకున్నవారు వేదాద్రి గారు.

"తాళం తప్పడం కూడా తాళమేనని మా సంఘం మొదటినుంచీ అనుమానిస్తూనే ఉంది," అని ఆయన వివరించారు. డైరెక్టరు గారు అవునవునన్నారు.

మర్నాడే కొత్త ఉత్తర్వు. "ఇకమీదట నమోదగు ప్రతి విస్ఫోటము క్రమముగా నెమ్మదించవలెను. నెమ్మదించని విస్ఫోటములపై కఠిన చర్య తీసికొనబడును. పాత ఉత్తర్వులోని మిగిలిన నిబంధనలు యథాతథముగా అమలులోనుండును." వకుళను సంఘంలో ఆరో సభ్యురాలిగా వేశారు. ఆమె ఫైలు మాత్రం 'సంఘం చేతిలోని విస్ఫోటం తేలగానే పరిశీలించబడును' అన్న చీటీతో బల్లమీదే ఉండిపోయింది.

కొత్త సంఘం ముందుకు వచ్చిన మొదటి గ్రాఫు చాలా సాదాది. ఒక్కటే ముల్లు. లేచింది, పడింది, అంతే. డైరెక్టరు గారు కర్ర పెట్టారు. అధ్యక్షుల వారు ఆ ముల్లుమీద చక్కగా దెబ్బ వేసి, రెండో దెబ్బకు చెయ్యెత్తారు. మిగతావాళ్ళూ ఎత్తారు. కర్ర గ్రాఫు చివరిదాకా వెళ్ళి గోడమీదికి పాకింది. రెండో ముల్లు లేదు.

"వకుళమ్మా," అన్నారు వేదాద్రి గారు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి. "నెమ్మదించడంలో నిపుణురాలివి నువ్వు. రెండో దెబ్బ ఎప్పుడు?"

"రెండోది లేదండీ. ఇందులో ఒక్కటే."

"ఇంకా రాలేదు, అను."

"రాదండీ. నక్షత్రం అయిపోయింది."

"అంత నెమ్మది!" అన్నారు అధ్యక్షుల వారు పరవశించి. "చూశారా, నెమ్మదించడంలో ఇంతకు మించింది ఇంకేముంటుంది? సాంబశివం గారూ, రాసుకోండి. మొదటి దెబ్బ పడింది. రెండో దెబ్బ పడేవరకు సంఘం నిరంతరాయంగా సమావేశమై ఉంటుంది. మధ్యలో చెయ్యి దించితే లెక్క తప్పుతుంది, ఎవ్వరూ దించకండి."

ఇంక ఊరుకోలేక వకుళ గట్టిగా చెప్పబోయింది. ఇంతలో మూలన ఓబుళపతి కనిపించాడు. పాత ఉత్తర్వు విప్పి ఒళ్ళో పెట్టుకుని, చూపుడు వేలితో దాని చిట్టచివరి వాక్యం మీద మెల్లగా తడుతున్నాడు. సంఘం ఒకదాన్ని తేల్చేవరకు మరొకదాన్ని చేపట్టరాదు. అప్పటిదాకా వచ్చినవాటిని డ్యూటీలో ఉన్న శాస్త్రవేత్త పాత పద్ధతిలోనే చూసుకోవాలి.

చెప్పవలసిన నిజం ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పాలని ఏ ఉత్తర్వులోనూ లేదు. వకుళ నోరు మూసుకుని, డ్యూటీ ఉందని సెలవు తీసుకుని బయటపడింది.

ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఫైలు కూడా ఆ రెండో దెబ్బ కోసమే ఎదురుచూస్తోంది. ఖాయం చేయడానికే కాదు, తీసేయడానికీ సంఘం తీర్మానం కావాలి కాబట్టి ఆమె జోలికి ఎవరూ రాలేదు. క్యాంటీన్లో తాలింపు మళ్ళీ మొదలైంది. సంఘానికి భోజనాలు పైకే వెళుతున్నాయి. సభ్యులు ఒక చేత్తో తింటున్నారు.

ఇవాళ పొద్దున మళ్ళీ ఒక విస్ఫోటం వచ్చింది. వకుళ చోటు లెక్కగట్టి, లయ ఉందో లేదో చూసింది. లేదు. లేదనే రాసి, బటన్ నొక్కింది. కబురు వెళ్ళింది. లేచి వసారాలోకి వచ్చి చూస్తే, ఎదుటి గది కిటికీలోంచి అధ్యక్షుల వారి చెయ్యి ఇంకా గాలిలోనే కనిపించింది.